పేటెంటు దావాకు ఒక ఆటవెలది: సటీకా తాత్పర్యం

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానాలు రాసిన కోలాచలం మల్లినాథసూరిది మెదక్ సీమలోని కొల్చారం. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ముందే మాటిచ్చి ఆయన కలం పట్టాడు. పేటెంటు దావాల్లో దాఖలయ్యే కాగితాల కట్టలు చూస్తే, ఆ మాటలో రెండో సగం కోర్టు హాళ్ల దాకా చేరలేదని తెలుస్తుంది.

అయినా టీక లేకుండా కొరుకుడు పడే శాస్త్రం కాదిది. దావా ఏ కోర్టులో వేయాలి, ఎప్పుడు పైకి పోతుంది, ఎన్నాళ్లలో జవాబివ్వాలి అన్న మూడు ప్రశ్నలు తేలేలోపే పేటెంటు ఆయుష్షు తీరిపోయిన కేసు ఒకటి మన పత్తి చేల మధ్య నుంచే వెళ్లింది. అందుకని ఈ టీకాకారుడు వరంగల్ నుంచి ఖమ్మం పోయే రోడ్డు మీద, చుట్టుపక్కల వాళ్లంతా బంగ్లా అనే మరిపెడలో చాప పరుచుకున్నాడు. పేటెంటు అన్న మాట అక్కడ రోజూ ఎవరూ వాడరు. కానీ వానాకాలం మొదట్లో ఎరువుల దుకాణం ముందు నిలబడితే అరల నిండా కనిపించేవి అవే: పత్తి విత్తనాల ప్యాకెట్టు, దాని పక్కనే మిర్చికి, వరికి కొట్టే చిన్న సీసాలు. వాటిలో కొన్నింటి వెనుక ఢిల్లీ హైకోర్టు తీర్పులు, సుప్రీంకోర్టు తీర్పులు ఉన్నాయి. రైతు చేతికిచ్చే బిల్లులో అవి కనిపించవు.

ఇక మూలం.

కింది కోర్టులోన కేసు వేయగ రాదు
జిల్ల మెట్టు నుండి చెల్లు దావ
ఎదురు దావ వేయ నెక్కును హైకోర్టు
గడువు దాటెనేని కట్టు నోరు

పద్యం ఎవరిదని అడగొద్దు. చాటువుకు కర్త ఉండడు, ఉన్నా వకాల్తా దాఖలు చేయడు. ఛందస్సు ఆటవెలది. జిల్లా, దావా అన్న మాటల్లో చివరి దీర్ఘాలు గణం కోసం పోయాయి. కోర్టు ఫీజులో ఇలాంటి తగ్గింపేమీ ఉండదు.

ప్రతిపదార్థం. కింది కోర్టులోన = జూనియర్ సివిల్ జడ్జి, సీనియర్ సివిల్ జడ్జి కోర్టుల్లో, పాత అలవాటు పోనివాళ్ల మాటలో మున్సిఫ్ కోర్టు, సబ్ కోర్టుల్లో; కేసు వేయగ రాదు = పేటెంటు ఉల్లంఘన దావా నడవదు; జిల్ల మెట్టు నుండి = జిల్లా కోర్టు మొదలుకొని పైన; చెల్లు దావ = దావా నిలుస్తుంది; ఎదురు దావ వేయన్ = ‘అసలు నీ పేటెంటే చెల్లదు, దాన్ని రద్దు చేయండి’ అని ప్రతివాది కౌంటర్ క్లెయిమ్ వేస్తే; ఎక్కును హైకోర్టు = అసలు దావా, ఎదురు దావా రెండూ కలిసి హైకోర్టుకు బదిలీ అవుతాయి; గడువు దాటెనేని = సమను అందిన నాటి నుంచి 120 రోజులు దాటితే; కట్టు నోరు = రిటన్ స్టేట్‌మెంట్ వేసే హక్కు పోతుంది.

మొదటి మూడు పాదాలకు ఆధారం 1970 నాటి పేటెంట్ల చట్టంలోని 104వ సెక్షన్. నాలుగోది 2015 నాటి వాణిజ్య న్యాయస్థానాల చట్టం వెంట వచ్చింది. రెండు చట్టాలకు మధ్య 45 ఏళ్లు. నాలుగో పాదం నడక మొదటి మూడింటితో కలవదని అనిపిస్తే, ఆ తప్పు పద్యానిది కాదు.

మొదటి పాదానికి పెద్దగా చెప్పాల్సింది లేదు. కోటి రూపాయల ఇంటి స్థలం తగాదా అయినా, పది గుంటల గట్టు తగాదా అయినా ఏ కోర్టుకు పోవాలన్నది దావా విలువను బట్టి తేలుతుంది. పేటెంటు విషయంలో విలువ ఎంత తక్కువైనా జిల్లా కోర్టుకు కింద అడుగు పెట్టడానికి లేదు. విలువ మూడు లక్షలు, ఆపైన ఉంటే అది వాణిజ్య వివాదంగా ప్రత్యేక నియమాల కిందికి పోతుంది. మొదట ఈ హద్దు కోటి రూపాయలు. 2018 సవరణ దాన్ని మూడు లక్షలకు దించింది. పేటెంటు దావా వేసేవాళ్లలో తమ నష్టం మూడు లక్షల లోపేనని ఒప్పుకునేవాడు ఎక్కడైనా ఉంటే వ్యాఖ్యాతలు చూసి తరించాలి.

రెండో పాదంలో ‘మెట్టు’ మరిపెడ వాళ్లకు ఈ మధ్యనే పక్కకు జరిగింది. 2016 అక్టోబరు 11న మహబూబాబాద్ జిల్లా పుట్టేదాకా మరిపెడ వరంగల్ జిల్లాలోది. జిల్లా పుట్టినా జడ్జీ వెంటనే రాలేదు. 2022 జూన్ 2న రాష్ట్రంలో కొత్త జ్యుడిషియల్ జిల్లాలు మొదలయ్యాక మహబూబాబాద్‌కు సొంత జిల్లా కోర్టు వచ్చింది. ‘జిల్ల మెట్టు’ అంటే ఏ ఊరు అన్న సందేహానికి ఆరేళ్ల తేడాతో రెండు జవాబులు ఉండటం వ్యాఖ్యాతకు పండగే.

మెట్టు తెలిసింది. ఏ ఊరి మెట్టు ఎక్కాలన్నది వేరే ప్రశ్న. ట్రేడ్‌మార్క్ చట్టంలో 134వ సెక్షన్, కాపీరైటు చట్టంలో 62వ సెక్షన్ వాదికి ఒక సౌకర్యమిచ్చాయి: తాను ఉన్నచోట, వ్యాపారం చేసుకుంటున్నచోట దావా వేసుకోవచ్చు. పేటెంట్ల చట్టంలో ఆ సౌకర్యం లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 20వ సెక్షనే గతి. ప్రతివాది ఉన్నచోటో, వ్యాజ్య కారణం పుట్టినచోటో వేయాలి. అంటే, పేటెంటును ఉల్లంఘించిందని ఆరోపణ ఉన్న ఒక సీసా బంగ్లా సెంటర్లో అమ్ముడైతే, శాస్త్ర ప్రకారం మహబూబాబాద్ జిల్లా కోర్టు మెట్టు పనికొస్తుంది.

శాస్త్రం అలా ఉంటే ఆచారం ఢిల్లీకి పోతుంది. అదే సీసా ఢిల్లీలోనూ అమ్ముతారు, అమ్మబోతున్నారన్న భయమైనా చూపిస్తారు. ఢిల్లీ హైకోర్టుకు రెండు కోట్లు దాటిన దావాలను తానే మొదట వినే అధికారం ఉంది. 2021 జులైలో అక్కడ మేధో సంపత్తి కేసులకే ఒక విభాగం పెట్టారు. 2022 ఫిబ్రవరిలో పేటెంటు దావాలకే ప్రత్యేకంగా నియమాలు తెచ్చారు. ఆ నియమాలు చదివినప్పుడు ఈ టీకాకారుడికి ఒళ్లు పులకరించింది. దావాలో ‘టెక్నికల్ ప్రైమర్’ వేయాలట: సాంకేతిక విషయాన్ని తెలియనివాడికి తెలిసేలా వివరించే పత్రం. ‘క్లెయిమ్ కన్‌స్ట్రక్షన్ బ్రీఫ్’ ఇవ్వాలట: పేటెంటు క్లెయిమ్‌లో ఏ మాటకు ఏ అర్థమో చెప్పే పత్రం. ఉల్లంఘన ఎలా జరిగిందో ఒక బ్రీఫ్, పేటెంటు ఎందుకు చెల్లదో ప్రతివాది తరఫున మరో బ్రీఫ్, నష్టం లెక్కకు ఇంకొకటి. మొదటిది టీక, రెండోది ప్రతిపదార్థం, మిగతావి పూర్వపక్షం, సిద్ధాంతం, ఫలశ్రుతి. కొల్చారం పద్ధతిని ఢిల్లీ హైకోర్టు గెజెట్‌లో అచ్చేసింది, పేరు చెప్పలేదు అంతే. 2023 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు కూడా తన మేధో సంపత్తి విభాగానికి నియమాలు నోటిఫై చేసింది.

ఇక మూడో పాదం. పద్యానికి ప్రాణం ఇక్కడుంది, వకీళ్లకు జీవనాధారం కూడా ఇక్కడే ఉంది.

పేటెంటు ఇచ్చినంత మాత్రాన అది చెల్లుతుందని ప్రభుత్వం హామీ ఇవ్వదు. చట్టం 13వ సెక్షన్ నాలుగో ఉపవిభాగం ఆ ముక్క మొహమాటం లేకుండా చెబుతుంది. అందువల్ల ఉల్లంఘన దావా పడగానే ప్రతివాది చేసే మొదటి పని 64వ సెక్షన్ తెరవడం. ఇది కొత్తది కాదు, పాతదే. ఇందులో కనిపెట్టిందేమీ లేదు. పేటెంట్లు ఇచ్చే కంట్రోలరు దగ్గర నిజం దాచిపెట్టి తెచ్చుకున్నారు. ఇలా ఆ సెక్షన్‌లో కారణాల బారు పొడుగ్గా ఉంటుంది. ఇదంతా రాతపూర్వక జవాబులో రక్షణగా మాత్రమే చెబితే దావా జిల్లా కోర్టులోనే ఉంటుంది. అదే కారణాలతో రద్దు చేయమని కౌంటర్ క్లెయిమ్ వేశాడా, దావా హైకోర్టుకు పోయినట్టే. దావాను ఏ కోర్టులో మొదలుపెట్టాలో వాది చేతిలో ఉంది. అక్కడ ఉంచాలా పైకి పంపాలా అన్నది ప్రతివాది చేతిలో ఉంది. చదరంగం ఆడేవాళ్లు ఇంతకంటే సమానమైన నియమం చూసి ఉండరు.

ఇక్కడొక చిక్కు. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు హైకోర్టుల్లా తెలంగాణ హైకోర్టుకు సివిల్ దావాలను మామూలుగా తానే మొదట వినే ఒరిజినల్ సైడ్ లేదు. అలాంటి హైకోర్టుకు దావా ఎక్కితే ఎక్కడ కూర్చుంటుంది? 2015 చట్టం 7వ సెక్షన్ ఈ బదిలీ దావాలను హైకోర్టు కమర్షియల్ డివిజన్ వినాలంటుంది. కమర్షియల్ డివిజన్ ఉండేది ఒరిజినల్ సైడ్ ఉన్న హైకోర్టుల్లో. మరి లేనిచోట?

ఈ ముడి విప్పింది హైదరాబాదు కంపెనీ ఒకటి ఇండోర్‌లో వేసిన దావా. పేటెంటు కాదు, డిజైను. దగ్గరి చుట్టమే. పెయింట్లు, ఆయిళ్లు పోసే ప్లాస్టిక్ బకెట్లు చేసే మోల్డ్-టెక్ ప్యాకేజింగ్, తన డబ్బా, మూతల ఆకారాన్ని కాపీ కొట్టారని ఎస్.డి. కంటైనర్స్ అనే సంస్థ మీద ఇండోర్ జిల్లా స్థాయి వాణిజ్య కోర్టుకు వెళ్లింది. ప్రతివాది ‘ఆ డిజైన్ల రిజిస్ట్రేషనే రద్దు చేయండి’ అన్నాడు. డిజైన్ల చట్టం 22వ సెక్షన్‌లోనూ మన మూడో పాదం లాంటి వాక్యమే ఉంది. జిల్లా జడ్జి దావాను కలకత్తా హైకోర్టుకు పంపాడు. మధ్యప్రదేశ్ హైకోర్టు అది తప్పంది, దావా ఇండోర్ వాణిజ్య కోర్టులోనే ఉండాలంది. 2020 డిసెంబరు 1న సుప్రీంకోర్టు రెండూ కాదని తేల్చింది: ఒరిజినల్ సైడ్ ఉన్నా లేకపోయినా, రద్దు కోరగానే దావా ఆ రాష్ట్ర హైకోర్టుకే పోవాలి, కాబట్టి మధ్యప్రదేశ్ హైకోర్టు ఇండోర్ బెంచికే పంపండి. పెయింటు బకెట్ మూత మీద మొదలైన తగాదాలో బకెట్ సంగతి ఎత్తకుండానే మూడు కోర్టులు తీర్పులిచ్చాయి. ఆ తీర్పు వెలుగులో చదివితే మహబూబాబాద్ జిల్లా కోర్టులో వేసిన పేటెంటు దావా, ఎదురు దావా పడగానే హైదరాబాద్‌లో మూసీ ఒడ్డున ఉన్న ఎర్ర భవనానికి చేరాలి. మధ్యలో కలకత్తా టికెట్టు కొననక్కర్లేదు.

ఈ పాదానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ పత్తి. ఆ కథ 2002లో మొదలవుతుంది. కాయతొలుచు పురుగును తట్టుకునే బీటీ పత్తికి ఆ ఏడాది మార్చిలో అనుమతి వచ్చింది. జన్యువు మోన్‌శాంటోది, గింజలు చేసేవి మన కంపెనీలు, ప్యాకెట్టు మీద జన్యువుకు కట్టాల్సిన కప్పం ‘ట్రెయిట్ వాల్యూ’. ఒకప్పుడు 1,600 రూపాయల ప్యాకెట్టులో 1,250 దాకా ఆ కప్పమే. 2006లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్యాన్ని అదుపు చేసే ఎం.ఆర్.టి.పి. కమిషన్‌కు వెళ్లింది, తర్వాత ప్యాకెట్టు ధర 750కి దించింది. వరంగల్ జిల్లా పత్తి రైతు బీటీ పేరు కంటే ముందు ఈ 750 అంకెను బట్టీ పట్టాడు.

అసలు దావా ఆ తర్వాత పదేళ్లకు వచ్చింది. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న నూజివీడు సీడ్స్‌కు, మోన్‌శాంటోకు కప్పం దగ్గర పేచీ వచ్చింది. ప్రభుత్వం ధర తగ్గించినప్పుడు కప్పం కూడా తగ్గాలని విత్తన కంపెనీ అంది. 2015 నవంబరులో లైసెన్సు ఒప్పందాలు రద్దయ్యాయి. 2016 మొదట్లో ఢిల్లీ హైకోర్టులో ఉల్లంఘన దావా పడింది. పేటెంటు నంబరు 214436. అందులో 25 నుంచి 27 దాకా ఉన్న క్లెయిమ్‌లు, అంటే జన్యు వరుసకు సంబంధించినవి, గొడవకు మూలం. నూజివీడు పద్యంలోని మూడో పాదం చదివింది: ఎదురు దావా వేసింది. మొక్కలు, విత్తనాలు, వాటి భాగాలకు పేటెంటు లేదన్న 3(జె) నిబంధన కింద ఈ పేటెంటు రద్దు కావాలంది. దావా అప్పటికే హైకోర్టులో ఉంది కాబట్టి ఎక్కడానికి మెట్టు లేదు. ఎదురు దావా వచ్చి పక్కన కూర్చుంది.

2017 మార్చి 28న సింగిల్ జడ్జి, దావా తేలేదాకా పాత ఒప్పందం ప్రకారమే నడవండి, కప్పం మాత్రం ప్రభుత్వ ధరల నిబంధన మేరకు కట్టండి అన్నారు. ఇది మధ్యంతర ఉత్తర్వు. ఇద్దరికీ నచ్చలేదు, ఇద్దరూ అప్పీలుకు పోయారు. 2018 ఏప్రిల్ 11న డివిజన్ బెంచి మధ్యంతర ఉత్తర్వును దాటి ఏకంగా ఎదురు దావాయే తేల్చేసింది: పేటెంటు చెల్లదు. సాక్షి బోనెక్కలేదు, నిపుణుడు నోరు విప్పలేదు. 2019 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ తీర్పు పక్కన పెట్టింది. ఇంత చిక్కు సాంకేతిక విషయాన్ని సాక్ష్యం లేకుండా, కాగితాలు చూసి తేల్చడం కుదరదు, సింగిల్ జడ్జి దగ్గరికి వెనక్కి పంపండి అంది. మోన్‌శాంటో గెలిచిందని కొందరు రాశారు, గెలవలేదని కొందరు రాశారు. ఈ టీకాకారుడి లెక్కలో గెలిచింది క్రమం. పేటెంటు చెల్లుతుందా లేదా అన్నది మూడేళ్ల తర్వాత కూడా ఎవరికీ తెలియలేదు. తెలిసిందల్లా దాన్ని ఏ వరుసలో తెలుసుకోవాలో.

ఆ పేటెంటుకు 2019 నవంబరులో ఇరవై ఏళ్లు నిండాయి. 2021 మార్చిలో ఇరుపక్షాలు రాజీ పడ్డాయి. ఈలోగా ప్యాకెట్టు మీద కప్పం 2016లో 49 రూపాయలకు, తర్వాత ఇంకా కిందికి, 2020కల్లా సున్నాకు పడింది. ఆ పని చేసింది కోర్టు కాదు, కేంద్ర వ్యవసాయ శాఖ గెజెట్. ఇంకొక పక్షం కూడా ఉంది. గులాబీ రంగు పురుగు. 64వ సెక్షన్ కింద ఏ కారణమూ చూపించకుండానే అది బోల్‌గార్డ్-2 బీటీ పత్తి కాయల్లో దూరి తినడం నేర్చుకుంది.

శంక: మరిపెడ పత్తి రైతు అడుగుతాడు, ‘గింజ నేను కొన్న, చేను నాది, పురుగు నా చేన్ల పడ్డది. ఈ లొల్లిల నేను వాదినా, ప్రతివాదినా సారూ?’ సమాధానం: రెండూ కాదు. 1970 చట్టం పేటెంటుదారుకిచ్చిన హక్కు ఇతరులను ఆపే హక్కు; దాని మీద ఎదురు నిలబడేది ఆపబడినవాడు. డబ్బు కట్టినవాడి పేరు దావా శీర్షికలో ఉండదు. పొలంలో పండిన గింజను దాచుకునే, మార్చుకునే హక్కు రైతుకు ఉంది గానీ, అది 2001 నాటి మొక్కల రకాల, రైతుల హక్కుల చట్టంలో ఉంది. వేరే గ్రంథం, వేరే టీక.

పాఠాంతరం. ఇదే పద్యానికి అమెరికా ప్రతి ఒకటుంది. అందులో మొదటి రెండు పాదాలు పూర్తిగా వేరు. అక్కడ పేటెంటు కేసులన్నీ ఫెడరల్ జిల్లా కోర్టుల్లోనే. దేశమంతటికీ ఒకే ప్రొసీజర్ ఉన్నా ఏ జిల్లా కోర్టు ఆ జిల్లాకు ‘లోకల్ రూల్స్’ రాసుకోవచ్చు. సిలికాన్ వ్యాలీ ఉన్న ఉత్తర కాలిఫోర్నియా జిల్లా 2000 చివర్లో పేటెంటు కేసులకే విడిగా రూల్స్ రాసి దారి చూపింది: ఏ క్లెయిమ్ ఏ వస్తువులో ఏ భాగానికి తగులుతుందో వాది ఇన్ని రోజుల్లో పట్టిక వేసి ఇవ్వాలి, ఎందుకు చెల్లదో ప్రతివాది ఇన్ని రోజుల్లో చెప్పాలి, తర్వాత మాటల అర్థాలు జడ్జి తేల్చాలి. మాటల అర్థం తేల్చడం జ్యూరీ పని కాదు, జడ్జి పని అని 1996లోనే మార్క్‌మన్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. అంటే అమెరికాలో ప్రతిపదార్థం చెప్పేవాడికి జీవితకాలం ఉద్యోగం.

ఆ రూల్స్‌ను తెచ్చుకుని వాటికి వేగం జోడించింది తూర్పు టెక్సస్ జిల్లా. అందులో మార్షల్ అనే చిన్న ఊరు. జనాభా పాతిక వేల లోపే. టి. జాన్ వార్డ్ అనే జడ్జి గడువులు కచ్చితంగా పెట్టి, వాయిదాలు ఇవ్వక, కేసులను త్వరగా జ్యూరీ ముందుకు పంపడంతో దేశంలోని పేటెంటుదారులంతా అక్కడికి పరిగెత్తారు. 2015లో అమెరికా మొత్తం మీద పడిన పేటెంటు కేసుల్లో నూటికి నలభైకి పైగా ఆ ఒక్క జిల్లాలోవే. ఊళ్లో హోటళ్లు నిండాయి, కోర్టు దగ్గరి గదులు వకీళ్లు ముందే అద్దెకు పట్టుకున్నారు. తరచూ ప్రతివాదిగా వచ్చే శాంసంగ్ అక్కడ కోర్టు ఎదుట చలికాలంలో మంచు మీద స్కేటింగ్ చేసే రింక్‌కు డబ్బులిచ్చింది. రేపు జ్యూరీలో కూర్చునేది ఆ ఊరి పిల్లల తల్లిదండ్రులే కదా.

2017 మే 22న టీసీ హార్ట్‌ల్యాండ్ తీర్పు వచ్చి ఈ పాఠాంతరాన్ని దిద్దింది: కంపెనీ నమోదైన రాష్ట్రంలో గానీ, ఉల్లంఘన జరిగి కంపెనీకి స్థిరమైన వ్యాపార స్థలం ఉన్నచోట గానీ వేయాలి, సరుకు అమ్ముడైన ప్రతిచోటా వేయడానికి లేదు. 2019 ఏప్రిల్‌లో యాపిల్ ఆ జిల్లాలో ఉన్న రెండు దుకాణాలూ మూసేసి, పక్క జిల్లాలోని డాలస్‌లో కొత్తది తెరిచింది. కోర్టుకు అందకూడదనే అలా చేశారని పత్రికలు రాశాయి. మన 20వ సెక్షన్ ఇంకా సరుకు అమ్ముడైన చోటునే నమ్ముకుని ఉంది. బంగ్లా సెంటర్‌లో ఐసు రింకు పెట్టే ప్రతివాది వస్తాడని ఆశ పడాల్సిన పని లేదు గానీ, చట్టంలో అడ్డంకి కూడా లేదు.

నాలుగో పాదం. మామూలు సివిల్ దావాలో జవాబుకు 30 రోజులు, కోర్టు పొడిగిస్తే 90 అంటారు. అది దాటినా కారణం చెప్పి, ఖర్చులు కట్టి, జడ్జిని బతిమాలుకోవచ్చు. ప్లీడరు గుమాస్తాల తరాలు దాని మీద బతికాయి. వాణిజ్య దావాలో 30 రోజులు, కారణం రాసి కోర్టు పొడిగిస్తే మొత్తం 120. ఆ తర్వాత ఒక్క రోజు కూడా కోర్టు చేతిలో లేదని 2019 ఫిబ్రవరిలో ఎస్.సి.జి. కాంట్రాక్ట్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ‘కట్టు నోరు’ అన్నది ఇక్కడ అతిశయోక్తి అలంకారం కాదు, స్వభావోక్తి.

ఈ పాదానికి ముందు ఒక మెట్టు రహస్యంగా ఉంది, పద్యంలో పట్టలేదు. దావా వేయకముందే మధ్యవర్తిత్వానికి వెళ్లాలని వాణిజ్య న్యాయస్థానాల చట్టం 12-ఎ సెక్షన్ అంటుంది. అది తప్పనిసరేనని 2022 ఆగస్టులో పాటిల్ ఆటోమేషన్ తీర్పు చెప్పింది. అత్యవసర ఉపశమనం కోరే దావాలకు మినహాయింపు. పేటెంటు దావాల్లో తాత్కాలిక ఇంజంక్షన్ అడగనిది దాదాపు ఉండదు. రాజీకి కూర్చోబెట్టాలని పెట్టిన గుమ్మం పక్కనే ఇంత పెద్ద కిటికీ పెట్టాక గుమ్మంలోంచి ఎవరు వస్తారు?

తాత్కాలిక ఇంజంక్షనే చాలాసార్లు అసలు తీర్పుగా మిగిలిపోతుంది. పురుగుమందుల అరలోని సీసా కథ అదే. వరిలో కాండం తొలుచు పురుగుకు, మిర్చిలో కాయతొలుచు పురుగుకు కోరాజెన్ అనే మందు కొట్టని ఊరు మన వైపు అరుదు. అందులో ఉన్న క్లోరాంట్రానిలిప్రోల్ మీద ఎఫ్.ఎం.సి. కంపెనీకి ఉన్న అసలు పేటెంటు 2022 ఆగస్టులో తీరిపోయింది. తయారీ పద్ధతి మీద వేరే పేటెంటు మిగిలి ఉంది. హైదరాబాదు నాట్కో అదే మందు చేసి అమ్మడానికి సిద్ధమైంది. తగాదా ఒక రసాయనం దగ్గర ఆగింది: పేటెంటు పద్ధతిలో సల్ఫొనైల్ క్లోరైడ్ వాడతారు, నాట్కో థయొనైల్ క్లోరైడ్ వాడింది. రెండూ ఒకే పని చేస్తాయి కాబట్టి రెండూ ఒకటేనని వాది అన్నాడు. కాదని ఢిల్లీ హైకోర్టు సింగిల్ జడ్జి ఇంజంక్షన్ నిరాకరించారు, 2022 డిసెంబరు 5న డివిజన్ బెంచి దాన్ని ఖాయం చేసింది. ఇందులో విచారణ లేదు, సాక్షులు లేరు, తుది తీర్పు కాదు. అయినా నాట్కో సీసా అంగట్లోకి వచ్చింది. దుకాణదారు అడిగినవాడికి రెండు సీసాలు పక్కపక్కన పెట్టి, ‘ఇది పాతది, ఇది కొత్తది, మందు ఒక్కటే అన్నా’ అంటాడు. పద్ధతి పేటెంటు గురించి ఆయన చెప్పిన వ్యాఖ్యానం ఇంతకంటే పొడుగుండదు, అవసరమూ లేదు.

సల్ఫొనైల్, థయొనైల్ తేడా జడ్జి ఎలా తెలుసుకోవాలి? దీనికీ చట్టంలో ఒక ఏర్పాటు ఉంది. 115వ సెక్షన్ కింద కోర్టు ఎప్పుడు కావాలంటే అప్పుడు శాస్త్ర సలహాదారును వేసుకోవచ్చు. ఆయన ఫీజు వాది కట్టడు, ప్రతివాది కట్టడు. పార్లమెంటు కేటాయించిన డబ్బుల్లోంచి వస్తుంది. పేర్ల పట్టిక కంట్రోలరు దగ్గర ఉంటుంది. పట్టికలో చేరడానికి పేటెంటు నియమాల్లో మూడు అర్హతలు పెట్టారు: సైన్సులోనో ఇంజినీరింగులోనో డిగ్రీ, పదిహేనేళ్ల ఆచరణ లేదా పరిశోధన అనుభవం, ఏదైనా శాస్త్ర సాంకేతిక శాఖలోనో సంస్థలోనో బాధ్యత గల పదవి. పత్తి కాయ చీల్చి లోపలి పురుగు బీటీకి చచ్చేదా బతికేదా అని రంగు చూసి చెప్పే మరిపెడ రైతుకు ఈ మూడింటిలో మధ్యది ఒక్కటే ఉంది, అది కూడా రెండింతలు. మిగిలిన రెండూ ఉన్నవాళ్లు 104వ నియమం కింద కంట్రోలరుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. బయోడేటా జత చేయాలి.